జేజి గొంతు కోసం రెండు పెట్టెలు

మొన్న నా ఫోను చార్జింగు ఎక్కడం మానేస్తే బస్టాండు ఎదురుగా ఉన్న రిపేరు కొట్టుకు తీసుకుపోయాను. కొట్టు అనడం మర్యాదకే, మెట్ల కింద ఒక అర అది. లోపల ఒకమ్మాయి కంటికి భూతద్దం తగిలించుకుని పని చేస్తోంది. సోల్డరింగ్ ఐరన్ మొన తగలగానే సన్నటి పొగ లేచింది. టంకం పొగ. ఆ వాసన ముక్కుకు తగలగానే నా నోరు ఊరుకోలేదు.

"మొన మసి పట్టింది పాపా, తడి స్పాంజికి తుడిచి పెట్టు, బాగా అంటుకుంటుంది" అన్నాను.

ఆ పిల్ల తలెత్తి చూసింది. "మీకు తెలుసా మేడమ్ ఈ పని?"

కుడి చేతి బొటనవేలు చూపించాను. గోరు పక్కన మెరిసే మచ్చ ఒకటి ఉంది, బియ్యపు గింజంత. "పన్నెండేళ్ళప్పుడు కాల్చుకున్నాను. రియాద్‌లో" అన్నాను. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే నవ్వినట్టే నవ్వి ఆ పిల్ల మళ్ళీ పనిలో పడింది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు కాబట్టి సరిపోయింది, లేకపోతే మొత్తం చెప్పకుండా కదిలేదాన్ని కాదు. చెప్పనిది కడుపులో ఉండిపోయింది. ఇక్కడ చెబుతున్నాను.

మా నాయన రియాద్‌లో ఒక ఆసుపత్రిలో జనరేటర్లు చూసే మెకానిక్కు. కడప జిల్లాలో ఒక పల్లె మాది. నాయనకు ఆసుపత్రిలో పెద్ద పేరుండేది. ఇంజను ఆడుతుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. "మూడో బేరింగు మూలుగుతాంది" అనేవాడు. విప్పి చూస్తే మూడోదే. ఇంజనీర్లు సైతం ఆయన చెవి చెప్పాకే పానా తీసేవాళ్ళు. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ గొంతులో ఎంత గర్వమో, ఆయన ముందు మాత్రం ఎప్పుడూ అనేది కాదు.

మేం దూదేకులవాళ్ళం. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, దూది ఏకి పరుపులూ బొంతలూ కట్టడం మా పెద్దల పని. నమాజు చేస్తాం, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడతాం. ఊళ్ళో అదేం తప్పు కాదు. రియాద్‌లో పైఅంతస్తులో ఉండే హైదరాబాదావిడకు, మేం ఖాలా అంటే పిన్నీ అని పిలిచేవాళ్ళం, ఆమెకు మాత్రం అది పెద్ద వింత. "ముసల్మాన్ హోకే ఉర్దూ నై బోల్తే క్యా?" అని, ముసల్మానులై ఉండి ఉర్దూ మాట్లాడరా అని, ముక్కు మీద వేలేసుకునేది. చెడ్డ మనిషి కాదు, వండిందల్లా ఒక గిన్నెలో పంపేది. అయినా అమ్మకు ఆమె ముందు ఒళ్ళు ముడుచుకుపోయేది. "మీ అత్తగారివాళ్ళు ఏం చేస్తారు?" అని ఒకసారి ఖాలా అడిగితే, "బట్టల వ్యాపారం" అని వచ్చీరాని ఉర్దూలో చెప్పేసింది. నేను నోరు తెరవబోతే నా తొడ మీద గిల్లింది. ఊళ్ళో మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, అప్పటికి కూడా వసారాలో విల్లు వేలాడదీసి దూది ఏకుతూనే ఉంది.

ఆ చలికాలం యుద్ధం వచ్చింది. మా భవనంలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. బడి మూసేశారు. అమ్మను, నన్ను ఊరికి పంపిస్తానని నాయన అంటే, "ముగ్గురం వచ్చినాం, ముగ్గురమే పోతాం" అని అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది. మా ఇంట్లో చిన్న గది ఒకటి ఉండేది, రెండు చాపలు పక్కపక్కన పరిస్తే నిండిపోయేంత. విషపు గ్యాసు బాంబులు పడతాయన్న భయంతో దాని కిటికీకి ప్లాస్టిక్ షీటు కప్పి, గోధుమరంగు టేపుతో అంచులన్నీ అతికించారు. సైరను కూస్తే ముగ్గురం అందులో దూరి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కేవాళ్ళం. అమ్మ వేరుశనగలు నూరి చేసిన ఊరిబిండీ రొట్టెలూ ఒక డబ్బాలో పెట్టి ముందే అక్కడ ఉంచేది. ఇప్పటికీ వేరుశనగ వాసనా టేపు బంక వాసనా కలిస్తే నాకు ఆ గదే.

ఆసుపత్రివాళ్ళు నాయనకు గ్యాసు మాస్కు ఒకటి ఇచ్చారు. ఒక్కటే. ఎవరు పెట్టుకోవాలనే మాట ఎత్తకుండా ముగ్గురం దాన్ని మేకుకు తగిలించేశాం. ఒకరోజు ఉల్లిపాయలు తరగమని అమ్మ చెబితే, నేను దాన్ని తగిలించుకుని కూర్చుని తరిగాను. కంట్లో ఒక్క చుక్క నీరు రాలేదు. అమ్మ వంటింట్లోకి వచ్చి కెవ్వుమని, తర్వాత తిట్టి, తర్వాత గోడకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నెలల్లో అమ్మ అంతగా నవ్వడం అదొక్కసారే చూశాను.

నాయన మాత్రం ఇంట్లో ఉండేవాడు కాదు. ఆసుపత్రిలో కరెంటు పోకూడదు. పని తెలిసినవాళ్ళు కొందరు వెళ్ళిపోయారు కాబట్టి రెండు డ్యూటీలు ఆయనే చేసేవాడు. ఇంజన్ల పక్కనే మంచం వేసుకుని పడుకునేవాడు. ఇంటికి వచ్చినప్పుడు డీజిలు వాసన వేసేవాడు, గట్టిగట్టిగా మాట్లాడేవాడు. అలసట అనుకున్నాం.

యుద్ధం ఆగాక మొదటి క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో చదువు రాని ఇళ్ళల్లో ఉత్తరం అంటే క్యాసెట్టే. ఊళ్ళో ఎవరి ఇంట్లోనో టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి, సెలవు నుంచి తిరిగొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. రాయచోటి ఆయన ఒకరు తెచ్చిచ్చారు. మూడేళ్ళుగా నాయన వాళ్ళమ్మ గొంతు వినలేదు. స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, పండగ నమాజుకు పోయేవాడిలా వచ్చి టేపురికార్డరు ముందు కూర్చున్నాడు. దాని స్పీకర్లలో ఒకటి ఎప్పుడో చిరిగిపోయింది, రెండోది తేనెటీగలా జుమ్మంటుంది.

"నాయనా, బాగుండావా? ఆడ బాంబులు పడ్తాండాయంటే నాకు ముద్ద దిగల్యా" అంటూ జేజి మొదలుపెట్టింది. నాయన తల ఊపుతూ విన్నాడు. కాసేపటికి జేజి గొంతు తగ్గింది. "వాకిట్లో జారి పడినా నాయనా. కుడిచేయి మణికట్టు ఇరిగింది. కట్టు కట్టినారు గానీ చేయి తిరగల్యా. విల్లు అటక మింద పెట్టిపిచ్చినా."

నాయన నవ్వాడు. సంతోషంగా, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. "అమ్మ గొంతు ఏం మారల్యా. బాగుందంట" అన్నాడు మావైపు తిరిగి.

అమ్మ నావైపు చూసింది. నేను అమ్మవైపు చూశాను. క్యాసెట్టు తిరుగుతూనే ఉంది. జేజి ఏడుస్తోంది, నాయన నవ్వుతున్నాడు. నాయన లేచి వెళ్ళాక అమ్మ వంటింట్లో నా భుజం పట్టుకుంది.

"నాయనకు చెవులు ఇనపల్యా. నువ్వు ఎవరితోనూ అనొద్దు. ఆయప్పతో అసలే అనొద్దు."

"మనం గట్టిగా చెప్తే సరిపోతాది కదమ్మా? జేజికి చేయి ఇరిగిందని."

"వాళ్ళమ్మ చెప్పిన మాట నేను తిరిగి చెప్పాల్నా? అప్పుడు తెలుస్తాది ఆయప్పకు, తాను నవ్వినాడని. చెవి పోయిందని. చెవే గదమే ఆయప్పకు అన్నం పెట్టేది." అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాళ్ళమ్మ మాట ఆయప్పే ఇనాల."

ఆ మాట నాకు పట్టుకుంది. నాయన చెవికి అందేలా జేజి చేత మాట్లాడించాలి. ఎలాగో తెలియదు గానీ, ఆ పని నాదే అనుకున్నాను.

దారి వీధిలోనే దొరికింది. యుద్ధానికి భయపడి వెళ్ళిపోయినవాళ్ళ సామాన్లు భవనం కింద గుట్టగా పడి ఉండేవి. అందులో ఒక బీరువా సొరుగు లాగితే, అడుగున పరిచిన ఇంగ్లీషు పత్రిక ఒకటి కనిపించింది. ఇంట్లో చేసుకునే రేడియోలు, బెల్లులు, అలాంటివన్నీ అందులో బొమ్మలతో ఉన్నాయి. మధ్య పేజీలో 'చిన్న గదికి తక్కువ ఖర్చుతో పుస్తకాల అరలో పట్టే స్పీకర్లు' అని ఉంది. నేను చదువుతూ మెట్ల మీదే కూర్చుండిపోయాను.

చెక్కపనికి మామ ఉన్నాడు. మామ అంటే సొంత మామ కాదు, జగిత్యాల వైపు నుంచి వచ్చిన వడ్లాయన, అంటే వడ్రంగి. శుక్రవారం కంపెనీ బస్సు క్యాంపు మనుషులను బజారులో దించితే, సామాన్లు కొనుక్కుని మా ఇంట్లో అన్నం తిని వెళ్ళేవాడు. అమ్మను అక్కా అనేవాడు, నాయనను బావ, నన్ను కోడలు పిల్ల. ఊళ్ళో గడపలు, తలుపులు చెక్కిన చేయి ఆయనది. ఇక్కడ కంపెనీలో కాంక్రీటు పోయడానికి పలకలు బిగించి మొలలు కొట్టడమే పని. పత్రిక చూపించి, అమ్మ వద్దన్నా ఆయన ఒక్కడికి విషయం చెప్పాను. ఆయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంగ్లీషు నాకు రాదు, బొమ్మ అయితే సమజైంది. ఆరు పలకల పెట్టె. మా బావ ఇనాలె అంతే గదా? చేద్దాం తియ్."

ఆ బీరువా పలకలే తెచ్చాం. మామ వాటిని గోటితో గీకి ముఖం చిట్లించాడు. "గిది చెక్కనా అక్కా? రంపపు పొట్టు దెచ్చి జిగురుతోటి అతికిచ్చిండ్రు. గీ పాపం నాతోటి చేపిస్తున్నది నీ బిడ్డ." అలా అంటూనే అంచుల మధ్య సందు లేకుండా కోసి, మూలల్లో సన్న బద్దలు పెట్టి బిగించాడు. కోస్తుంటే ఆయన నాలుక కొస పళ్ళ మధ్యకు వచ్చేది. ఏళ్ళ తర్వాత తన పని తాను చేసుకుంటున్న మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను మొదటిసారి అప్పుడే చూశాను.

పెట్టె లోపల ఎనిమిది లీటర్ల చోటు ఉండాలని పత్రికలో రాసి ఉంది. నాకు లెక్క వచ్చు, మామకు నా లెక్క మీద నమ్మకం లేదు. చివరికి లబన్ అనే అక్కడి మజ్జిగ వచ్చే లీటరు సీసా కడిగి ఆరబెట్టి, దానితో బియ్యం కొలిచి పెట్టెలో పోశాం. ఏడున్నర సీసాలకే నిండిపోయింది. అమ్మ వచ్చి చూసి, "నెల బియ్యం తెచ్చి బీరువా ముక్కల్లో పోస్తిరే, మీ మొగాలు మండ" అంది. మామ వెనక పలకను కొంచెం జరిపి కొట్టాడు, ఎనిమిది పట్టింది. బియ్యం తిరిగి డబ్బాలో పోసేశాం. అన్నీ పోశామనే అనుకున్నాం.

స్పీకర్లు పాత కార్లు విప్పి అమ్మే చోటి నుంచి మామే తెచ్చాడు, ఒకే కారువి, జత. వాటికి ముందు పలకలో రంధ్రం కోయాలి. నేను స్పీకరును బోర్లించి దాని అంచు చుట్టూ పెన్సిలుతో గీశాను. మామ గీత మీదే కోశాడు. స్పీకరు పెడితే నేరుగా లోపలికి జారి పడిపోయింది. ఇద్దరం రంధ్రంలోంచి లోపలికి చూశాం.

"కోడలు పిల్లా, కొలత నీది. నాది గాదు" అన్నాడు మామ.

నిజమే, తప్పు నాదే. అంచు లోపలి కొలత తీసుకోవాలి. ఆ రంధ్రానికి ఒక కంకణంలా చెక్క చక్రం కోసి అతికించి, రెండోదానికి పాలపొడి డబ్బా మూతతో సరిగ్గా గీశాను. అందుకే ఈరోజుకీ ఆ రెండు పెట్టెల్లో ఒకదాని మూతి చుట్టూ ఒక వలయం కనిపిస్తుంది. ఎవరైనా అడిగితే అది అందం కోసమని చెబుతాను.

టంకం పని మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. నాయన పెట్టెలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి, వేలు కాల్చుకుని, ఏడవకుండా నేర్చుకున్నాను. రెండు స్పీకర్లూ ఒకేసారి ముందుకు కదలాలి, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు పోతే మనిషి గొంతు మధ్యలో మాయమవుతుందని పత్రికలో రాసి ఉంది. టార్చి బ్యాటరీ తీగలు తగిలిస్తే స్పీకరు టప్పుమని ముందుకు ఉబుకుతుంది. అలా చూసి ఏ తీగ ఏదో ఎర్ర దారం కట్టి గుర్తుపెట్టుకున్నాను. పన్నెండేళ్ళ పిల్ల, గురువు లేడు, పరాయి భాష పుస్తకం. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, చెప్పుకుంటున్నాను.

లోపల మెత్తటిది ఏదైనా నింపాలి. నేను పాత తలగడ చింపి అందులోని దూదినంతా రెండు పెట్టెల్లో కుక్కాను. పిడికిలితో గుద్ది గుద్ది కుక్కాను. ఎంత పడితే అంత మంచిదనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం నాయన నమాజు నుంచి వచ్చేసరికి చిన్న గదిలో రెండు పెట్టెలు, వాటి మధ్య టేపురికార్డరు. నాయన గడపలోనే ఆగిపోయాడు. చుట్టూ తిరిగి చూశాడు. టంకం చూశాడు. "ఎవురేసినారు?" అన్నాడు. "నేనే" అన్నాను. ఆయన చెయ్యి నా తల మీదికి వచ్చింది.

క్యాసెట్టు పెట్టాం. శబ్దం పెద్దగానే వచ్చింది. కానీ జేజి కుండలో తల పెట్టి మాట్లాడుతున్నట్టుంది. నాయన కాసేపు విన్నాడు. బాగుందని అనబోతున్నాడని ఆయన ముఖం చూస్తేనే తెలిసిపోయింది. అంతలో ఏమనుకున్నాడో లోపలికి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు. మొన పెట్టె పక్కకు ఆనించి, పిడి చెవికి పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"చెక్క మాట్లాడ్తాంది పాపా" అన్నాడు. "మనిషి మాట్లాడల్యా."

ఆయన డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను మూల కూర్చుని ఏడ్చాను. మామ పలకలన్నీ తట్టి చూస్తూ "నా బిగువుల తప్పు లేదు" అని రెండుసార్లు అన్నాడు. అమ్మ మాత్రం వెనక పలక విప్పమంది. చెయ్యి లోపల పెట్టి గుప్పెడు దూది తీసింది. ఉండలు ఉండలుగా, రాయిలా గట్టిగా ఉంది. దాన్ని వేళ్ళతో నలిపి చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు. వంట చేసే అమ్మ చూపు కాదు, పని తెలిసినమ్మ చూపు.

"ఇది దూదా? శవం" అంది. "ఏకని దూదిలో గాలి ఆడదు. కొత్తల్లునికి తలగడ కుట్టినట్టు కుక్కినావు. నా కడుపున పుట్టి ఈ పని చేస్తివే" అంది నాతో.

"అయితే ఏకుదాం అమ్మా."

చేతులతో పీకితే ఆ ఉండలు విడిపోవని నాకు కూడా తెలుసు. విల్లు కావాలి. విల్లు మోగితే భవనమంతా వినిపిస్తుంది. పైన ఖాలా ఉంది, ఆమెకు చెప్పిన బట్టల వ్యాపారం అబద్ధం ఉంది. అమ్మ పైకప్పు వైపు ఒకసారి చూసింది. తర్వాత మామ వైపు తిరిగింది.

"తమ్ముడా, విల్లు చేస్తావా? నా నిలువంత ఉండాల."

"నువ్వు జెప్పు అక్కా, నేను చేస్త."

మరుసటి శుక్రవారానికి విల్లు తయారైంది. కట్టడానికి నరం కావాలి, ఊళ్ళో మేక పేగుతో చేసింది కడతారు. ఇక్కడ అది దొరక్క మామ చేపలు పట్టే లావుపాటి నైలాను తీగ తెచ్చాడు. అమ్మ వేలితో మీటి, పెదవి విరిచి, "సర్లే" అంది. దాన్ని చిన్న గదిలో పైకప్పు కొక్కేనికి తాడుతో వేలాడదీసింది. దూది ధూళి లేస్తుంది కాబట్టి గాలి కావాలి. యుద్ధం ఆగి నెలలైనా కిటికీకి ప్లాస్టిక్ అలాగే ఉంది, దుమ్ము రాదులే అని ఎవరం తీయలేదు. అమ్మ గోరు పెట్టి టేపు అంచు లేపి ఒక్క లాగు లాగింది. బంకతో పాటు గోడ సున్నం కూడా ఊడి వచ్చింది. కిటికీ తెరుచుకుంది. వీధిలోని ఎండా, హారన్లూ, కాలుతున్న మాంసం వాసనా అన్నీ కలిసి లోపలికి వచ్చాయి.

అమ్మ ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొయ్య చేతబట్టి తీగను కొట్టింది. టంయ్. గోడలు మోగాయి. ఇంకో దెబ్బ, ఇంకో దెబ్బ. ముందు చేయి తడబడింది, తర్వాత లయ దొరికింది. తీగ తగిలినచోటల్లా ఉండలు చిట్లి, దూది లేచి, నురగలా పొంగి చాప మీద కుప్పపడింది. నా తల నిండా దూది, మామ మీసం నిండా దూది. అమ్మ కొడుతూనే ఉంది. అమ్మకు ఈ పని వచ్చని నాకు తెలుసు. ఇంత అందంగా వచ్చని తెలియదు.

అనుకున్నట్టే తలుపు చప్పుడైంది. ఖాలా. "యే క్యా ఆవాజ్ హై?" అంటూ గది దాకా వచ్చి, గుమ్మంలో నిలబడిపోయింది. అమ్మ కొట్టడం ఆపింది. ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. నాకు ఇప్పటికీ అమ్మ కంఠం మీద చెమట చుక్క గుర్తుంది.

"హమ్ దూదేకుల లోగ్ హై" అంది అమ్మ. ఆ తర్వాత ఉర్దూ చాలక తెలుగులోకి దిగింది. "మా అత్త ఏకేది. మా అమ్మ ఏకేది. నేనూ ఏకుతా. బట్టల వ్యాపారం అని అబద్ధం చెప్పినా."

నేను ఆ మాటల్ని ఉర్దూలోకి మార్చి చెప్పాను. ఖాలా వంగి కొంచెం దూది చేతిలోకి తీసుకుంది, ఊదింది. అది గాలిలో తేలి కిటికీ దాకా పోయింది. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అమ్మ పెదవి బిగించి మళ్ళీ కొయ్య అందుకుంది. కాసేపటికి మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి ఖాలా భుజం మీద చలికాలం కప్పుకునే రజాయి రెండు. "అమ్మా కే ఘర్ మే ఐసీచ్ ఆవాజ్ ఆతీ థీ, గల్లీ మే" అంది. చిన్నప్పుడు పుట్టింటి సందులో ఇదే చప్పుడు వినేదట. ఇవి గడ్డకట్టిపోయాయి, నాకు కూడా ఏకి పెడతావా అని అడిగింది. అమ్మ నవ్వలేదు. పని చేసేవాళ్ళు పని తెచ్చినవాళ్ళతో మాట్లాడినట్టే, "అక్కడ పెట్టు, రేపు చూస్తా" అంది.

ఏకిన దూదిని అమ్మే పెట్టెల్లో పరిచింది. అదమలేదు. పక్కలకు పొరలు పొరలుగా ఆనించి మధ్యలో ఖాళీ ఉంచింది. నేను తీగలు కలిపాను, మామ వెనక పలకలు బిగించాడు. ఈసారి నాయనను గది మధ్యలో కూర్చోబెట్టి, పెట్టెలు రెండూ ఆయన చెవుల ఎత్తుకు వచ్చేలా బియ్యం డబ్బాల మీద పెట్టాం.

జేజి గదిలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, చేతి గాజుల చప్పుడు వినిపిస్తోంది. "వాకిట్లో జారి పడినా నాయనా" అంది జేజి. నాయన కదలలేదు. "విల్లు అటక మింద పెట్టిపిచ్చినా" అంది. నాయన చెయ్యి చాచి టేపు ఆపాడు.

"చేయి ఇరిగిందంట" అన్నాడు.

అమ్మవైపు తిరిగాడు.

"ఆ పొద్దు నేను నవ్వినా కదా?"

"నవ్వినావు" అంది అమ్మ.

ఆయన రెండు పెట్టెల్నీ చూశాడు. తర్వాత నన్ను. "నా చెవులు బాగలేవు పాపా. ఆ ఇంజన్ల కాడ పోయినాయి. చెప్పల్యాకపోయినా" అన్నాడు. మా నాయన ఒక విషయం ఒప్పుకోవడం అదే మొదలు. ఇంజను గదిలో చెవులకు మూతలు పెట్టుకోవడం ఆ తర్వాతే మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు పెట్టి వినడం ఇంకో ఇద్దరికి నేర్పాడు. క్యాసెట్టును మళ్ళీ మొదటి నుంచి పెట్టించుకుని, ఈసారి నవ్వాల్సిన చోట నవ్వాడు, మిగతా చోట్ల తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. మామ గోడవైపు తిరిగి ముక్కు చీదుకుని, దూది ధూళి అన్నాడు.

జవాబు క్యాసెట్టులో నాయన మాట్లాడాడు, నేను మాట్లాడాను, పెట్టెల సంగతంతా చెప్పాను. అమ్మ మాట్లాడనంది. విల్లు దగ్గరికి వెళ్ళి, టేపురికార్డరు దగ్గరగా పెట్టమని, ఒక పదీ పదిహేను దెబ్బలు కొట్టింది. అత్తకు అమ్మ పంపిన ఉత్తరం అదే.

రెండేళ్ళకు నాయన ఆ పని వదిలేసి, ఇక తిరిగి రాకుండా ఊరికి పోవడానికి ఫైనల్ ఎగ్జిట్ తీసుకున్నాడు. అందరూ టీవీలు కట్టుకుని పోతుంటే మేం ఈ రెండు పెట్టెలను దుప్పట్లలో చుట్టుకుని మద్రాసులో దిగాం. కస్టమ్స్ ఆయన ఒకదాన్ని ఎత్తి ఊపాడు. లోపల గలగలమంది. ఆయన కళ్ళు మెరిశాయి. వెనక పలక విప్పించి దూదిలో చెయ్యి పెట్టి, అరచేయి తెరిచి చూస్తే, ఆరు బియ్యపు గింజలు. ఏమిటిదని అడిగితే నాయనకు సరిగా వినపడలేదు. "ఎనిమిది లీటర్లు సార్" అన్నాడు. ఆయన చెయ్యి దులుపుకుని పొమ్మన్నాడు. అమ్మ కదలలేదు. ఆయన పీకేసిన దూదిని పొరలు పొరలుగా సర్ది, పలక బిగించమని నాకు చెప్పి, అప్పుడు కదిలింది. మా వెనక వరస ఎంత పొడుగుందో నేను తిరిగి చూడలేదు.

ఊళ్ళో జేజి అరుగు మీద ఉంది. ఏడ్పులూ ముద్దులూ అయ్యాక, పెట్టె తెమ్మంది. వంకర తిరిగిన మణికట్టుతోనే, వెనక నుంచి లోపలికి చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. అచ్చం నాయన ఇంజను ముందు మూసుకున్నట్టే.

"కోడలా, నువ్వేనా ఏకింది?"

"నేనే అత్తా."

"బాగా ఏకినావు." చెయ్యి తీసి, వేళ్ళకు అంటుకున్న దూదిని చూసుకుంది. "విల్లుకు కట్టింది మాత్రం నరం కాదే. క్యాసెట్టులో ఇంటానే అనుకున్న్యా. ఏం కట్టినావు?"

అమ్మ నా ముఖం చూసింది. "చేపలు పట్టే తీగ అత్తా."

"అదీ సంగతి" అంది జేజి, తృప్తిగా. తర్వాత నాయనను పిలిచి, అటక మీది విల్లు దించి కోడలికి ఇమ్మంది.

ఆ పెట్టెలు ఇప్పుడు నా పుస్తకాల అరలో ఉన్నాయి. నేను బడిలో ఫిజిక్సు చెబుతాను, దూది పొరల్లో శబ్దం ఎలా నెమ్మదిస్తుందో బోర్డు మీద బొమ్మ గీసి ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. అలా పరచడం మాత్రం నాకు రాలేదు. పన్నెండేళ్ళ చేతులతో వేసిన టంకం ఒక్కటి కూడా ఇంతవరకు ఊడలేదు. ఫోను తీసుకోవడానికి సాయంత్రం మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళాను. సోల్డరింగ్ ఐరన్ పక్కన తడి స్పాంజి ఉంది. ఆ పిల్ల డబ్బులు తీసుకుంటూ, "ఎవరు నేర్పించారు మేడమ్ మీకు?" అని అడిగింది. వెనక ఎవరూ లేరు. అక్కడున్న స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మేం దూదేకులవాళ్ళం పాపా" అని మొదలుపెట్టాను.